ఫస్ట్ ర్యాంకు కాని ప్రైజు

ఈ ఎండాకాలం అనంతపురంలో మా నాన్న వాళ్ల మిద్దె మీద ఒకటే చప్పుడు. డల్లాస్ నుంచి వచ్చేటప్పుడు మా పాప బాస్కెట్‌బాల్‌లో గాలి తీసేసి సూట్‌కేసులో కుక్కుకొచ్చింది, ఇక్కడ మళ్లీ గాలి కొట్టే సూది కోసం మూడు షాపులు తిరిగాం.

పోయిన ఏడాది స్కూల్ టీమ్ లిస్టులో దాని పేరు రాలేదు. పదమూడేళ్ల పిల్ల, రెండు రోజులు సరిగ్గా అన్నం తినలేదు. నాకు తెలిసిన పద్ధతిలో నేను ఓదార్చాను, మన డల్లాస్ వింగ్స్ పేజ్ బెకర్స్‌ని చూడు, 2025 డ్రాఫ్ట్‌లో మొదటి పిక్, అదే ఏడాది రూకీ ఆఫ్ ది ఇయర్ అని. (వింగ్స్ అంటే అమెరికాలో అమ్మాయిల ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ లీగ్ WNBAలో మా ఊరి టీమ్. టీమ్‌లు కొత్త ప్లేయర్లను వంతులవారీగా ఎంచుకునేదే డ్రాఫ్ట్, ఆ ఏడాది కొత్తగా వచ్చినవాళ్లలో బెస్ట్‌కి ఇచ్చేది రూకీ అవార్డు.) "తను ఎప్పుడూ నంబర్ వన్నే కదమ్మా, నాకేం పనికొస్తుంది" అంది. దాని గది గోడ మీద ఉన్నది వెరోనికా బర్టన్.

ఈ వెరోనికా కథ నాకు పాపే చెప్పింది. 2022లో డల్లాస్ వాళ్లే ఏడో పిక్‌గా తీసుకున్నారు, 2024 సీజన్ ముందు వాళ్లే వదిలేసుకున్నారు. కనెటికట్ సన్ అనే టీమ్ తీసుకుంటే అక్కడ మ్యాచుకి సగటున 3.1 పాయింట్లు. అక్కడి నుంచి కొత్తగా పుట్టిన గోల్డెన్ స్టేట్ వాల్కిరీస్‌కి వెళ్లి 2025లో 11.9 పాయింట్లు, 6 అసిస్టులు (తోటివాళ్లు బాస్కెట్ వేసేలా ఇచ్చిన పాసులు), మోస్ట్ ఇంప్రూవ్డ్ ప్లేయర్, అంటే అందరికంటే ఎక్కువ మెరుగుపడిన ప్లేయర్ అవార్డు! ఆ టీమ్ కూడా మొదటి ఏడాదే ప్లేఆఫ్స్‌కి వెళ్లింది. ఒకే ఏడాదిలో డల్లాస్‌కి వచ్చిన అమ్మాయికి ఒక అవార్డు, డల్లాస్ వద్దనుకున్న అమ్మాయికి ఇంకో అవార్డు.

నిజం చెప్పాలంటే ఈ మోస్ట్ ఇంప్రూవ్డ్ అనేది నాకు కన్సొలేషన్ ప్రైజులాగే అనిపించేది. మా స్కూల్లో స్టీలు గిన్నెలూ టిఫిన్ బాక్సులూ మొదటి ముగ్గురికే. నేను ముప్పై రెండో ర్యాంకు నుంచి పదకొండుకి వచ్చిన ఏడాది నాన్న ప్రోగ్రెస్ కార్డు మీద సంతకం పెట్టి, "నీ ముందర పదిమంది ఎట్లుండారు?" అన్నారు. అంతే.

మొన్న శెనక్కాయలు ఒలుస్తూ ఆయనే అడిగారు, "ఈ ప్రైజులకు మార్కులు ఎవరేస్తారు పాపా, అంపైరా?"

"కాదు తాతా, స్పోర్ట్స్ రాసేవాళ్లు, టీవీలో చెప్పేవాళ్లు ఓట్లేస్తారు."

ఓట్లు అనేసరికి ఆయన సర్దుకుని కూర్చున్నారు, అనంతపురం మనిషి మరి. పేజ్‌కి 72లో 70 పడ్డాయంటే ఆ డెబ్బైని పట్టించుకోలేదు, "ఆ రెండోట్లు ఎవరికి పోయినాయి?" అన్నారు. వాషింగ్టన్ టీమ్ అమ్మాయి సోనియా సిట్రన్‌కి అని చెప్పింది పాప. "సొంతూరోళ్లు ఏసుంటారులే" అని తేల్చేశారు.

రూకీ అవార్డు ఎవరికైనా ఒక్కసారే, మోస్ట్ ఇంప్రూవ్డ్ మాత్రం లైలాని మిచెల్ అనే ప్లేయర్‌కి 2010లో వచ్చి మళ్లీ 2019లోనూ వచ్చిందట. "అంటే మధ్యలో ఆట చెడిపోయిందా?" అని నేనడిగితే మా అమ్మ వంటింట్లోంచి, "పిల్లను చెప్పనీయవే" అని కసిరింది.

పొద్దున్నే తాతా మనవరాలూ కాలేజీ గ్రౌండుకి పోతున్నారు. అక్కడి రింగుకి నెట్ లేదు, బంతి పడిందో లేదో అని రోజూ ఒక గొడవ. మొదటి రోజే అక్కడి అమ్మాయిలు దీని తెలుగుకి నవ్వి, ఆ తర్వాత ఆట చూసి "నీకు ఎడంచెయ్యి రాదా?" అన్నారట. తెలుగుకి నవ్వినందుకు ఏమీ అనుకోలేదు గానీ ఆ ఎడంచెయ్యి మాట మనసులో పెట్టుకుంది. అప్పట్నుంచీ నాన్న వాకింగ్ మానేసి గట్టు మీద కూర్చుంటున్నారు, ఎడంచేత్తో వేసింది పడినప్పుడల్లా ఒక శెనక్కాయ ఈ జేబులోంచి ఆ జేబులోకి మారుస్తున్నారు.

నిన్న వంటింట్లో క్యాలెండర్ చూశాను. పాల లెక్క పక్కన ఆయన గుండ్రటి చేతిరాతలో రోజుకొక అంకె: 2, 2, 5, 4, 9.