అరవై మీద పెట్టిన మెట్రోనోమ్

ఆదివారం, తిరుపతి

రాత్రి నుంచి వాన. కొర్లగుంటలో మా సందంతా నీళ్లు, కొండ అసలు కనపడటం లేదు. బయటికెళ్లే పనేమీ లేదు కాబట్టి పొద్దున్నే కూర్చుని గిటార్ తీగలు మార్చాను. చెమటకీ తేమకీ పాతవి తుప్పు పట్టి గరగరలాడుతున్నాయి. ఈసారి కూడా సన్నటి తొమ్మిది గేజే వేశాను, గేజు అంటే తీగ మందం. పది గేజు తీగల్లో శబ్దం ఇంకా నిండుగా ఉంటుంది, కాదనను. కానీ మూడో తీగను పక్కకు లాగి రెండు ఫ్రెట్ల (గిటార్ మెడ మీది మెట్ల) ఎత్తుకు బెండ్ చేసి, దాన్ని అక్కడే పట్టుకుని వైబ్రాటో, అంటే స్వరానికి ఊపు, ఇవ్వాలంటే నా వేళ్లకు తొమ్మిదే హాయి.

ఎదురింట్లో వీణ టీచరమ్మ ఆదివారాలు పిల్లలకు పాఠం చెబుతారు. ఈ రోజు సరళీ వరసలు. మాయామాళవగౌళ రాగంలో, ముందు మొదటి కాలంలో, తర్వాత రెండో కాలంలో, ఆ తర్వాత మూడో కాలంలో. తీగలు బిగిస్తూ చాలాసేపు విన్నాను. వాళ్లలో తాళం వేసే చెయ్యి వేగం పెంచదు. అదే నడకలో కొడుతూ ఉంటుంది. దెబ్బకు ఒక స్వరం, తర్వాత రెండు, తర్వాత నాలుగు. గిటార్ నేర్చుకునేవాళ్లు ఎక్కువమంది తాళం దెబ్బలు కొట్టే మెట్రోనోమ్‌ను నిమిషానికి ఐదేసి దెబ్బల చొప్పున పెంచుకుంటూ పోతారు. అదీ పనిచేస్తుంది. కానీ అక్కడ వేగం మనకు తెలియకుండానే ఎక్కుతుంది, దాంతోపాటు చేతిలో బిగుతు కూడా తెలియకుండానే ఎక్కుతుంది. కాలాల పద్ధతిలో ఆ అవకాశం లేదు. ఒక్కసారిగా రెట్టింపు కావాలి కాబట్టి వేళ్లు ఎంత ఎత్తు లేస్తున్నాయో, మీటే పిక్ తీగలోకి ఎంత లోతుగా దిగుతోందో వెంటనే బయటపడుతుంది.

అందుకే నేను మెట్రోనోమ్ 60 మీద పెడతాను, అంటే సెకనుకు ఒక దెబ్బ. ఒకటి, రెండు, నాలుగు. నాలుగు దగ్గర సెకనుకు నాలుగు స్వరాలు, అంతే. 120 మీద నాలుగేసి వాయిస్తే సెకనుకు ఎనిమిది. అవి ఎనిమిదీ విడివిడిగా, శుభ్రంగా వినిపిస్తే చాలా పాటల్లో సోలోకు అంతకన్నా వేగం అక్కర్లేదని నా నమ్మకం. నాలుగుకు వెళ్లినప్పుడు నేను చూసుకునేది వేళ్లను కాదు, కుడి భుజాన్ని. భుజం చెవి వైపు లేచిందంటే అక్కడ ఆపెయ్యాలి. ఆ బిగుతుతో ఎంతసేపు వాయించినా చేతికి అలవాటయ్యేది బిగుతే.

మధ్యాహ్నం కింద వాటాలో ఉండే అబ్బాయి వచ్చాడు. ఇంటర్ చదువుతున్నాడు, గిటార్ కొన్నప్పటి నుంచి వాడికి ఒకటే టెన్షన్.

"స్పీడు ఎప్పుడొస్తుందో చెప్పునా."

"ముందు ఇది పాడు రా" అన్నాను. ఐదో ఫ్రెట్ దగ్గర ఎ మైనర్ పెంటటానిక్ అనే ఐదు స్వరాల వరసలోంచి నాలుగు స్వరాల చిన్న ముక్క వాయించాను. వాడు సిగ్గుపడుతూ పాడాడు. పాడేటప్పుడు చివరి స్వరం దగ్గర గొంతు దానంతటదే కొంచెం ఊగింది. వాయించమంటే మాత్రం అదే స్వరం కర్రలా నిలబడిపోయింది. గొంతులో ఉన్నది వేలి దాకా రావాలి. వాడు నేర్చుకోవలసింది అదే, నేను ఇంకా నేర్చుకుంటున్నదీ అదే.

ఆ పెంటటానిక్ స్వరాలే మన శుద్ధ ధన్యాసి: స గ మ ప ని. టీచరమ్మ ఆ రాగం వాయిస్తే గాంధారం ఊరికే నిలబడదు. ఆవిడ మెట్టు మీద తీగను పక్కకు లాగి పై స్వరాన్ని తాకి వస్తారు. మన బెండ్ చేసేదీ అదే పని. తీగ పక్కకు జరుగుతుంది, బిగుతు పెరుగుతుంది, స్థాయి పైకి పోతుంది. ఎక్కడిదాకా పోవాలో చెవికి తెలియాలి. అబ్బాయికి ఒక పద్ధతి చూపించాను. ముందు రెండు ఫ్రెట్ల అవతలి స్వరాన్ని మామూలుగా నొక్కి వాయించి చెవిలో పెట్టుకోవాలి. తర్వాత కింది ఫ్రెట్ నుంచి బెండ్ చేసి దాన్ని అందుకోవాలి. వెనక ఇంకో రెండు వేళ్లు ఆసరాగా ఉంచాలి, బలం మణికట్టు తిప్పడంలోంచి రావాలి. వైబ్రాటో కూడా ఇష్టమొచ్చినట్టు వణకకూడదు. దెబ్బకు రెండు ఊపులు, తర్వాత మూడు, తర్వాత నాలుగు. ఊపు ప్రతిసారీ అసలు స్వరానికి తిరిగి రావాలి. దీన్నీ తాళంలో సాధన చేస్తేనే, వేగంగా పరిగెత్తి వచ్చి ఒక స్వరం మీద ఆగినప్పుడు ఆ ఆగడంలో ప్రాణం ఉంటుంది.

వేగమూ భావమూ వేరు వేరు పాఠాలు కావని నాకు గట్టిగా అనిపిస్తుంది. మన పాలకొల్లులో పుట్టిన మాండొలిన్ యు. శ్రీనివాస్ (1969–2014) కచేరీలు వింటే ఈ మాట ఎవరైనా ఒప్పుకుంటారు. మామూలు మాండొలిన్‌కు జంట తీగలుంటాయి, వాటి మీద గమకం (స్వరాన్ని ఊపడం, జార్చడం) పలికించడం కష్టం. ఆయన ఒంటి తీగలు ఐదు ఉన్న ఎలక్ట్రిక్ మాండొలిన్ తీసుకున్నారు. అప్పటికప్పుడు అల్లే కల్పనస్వరాలు ఎంత దుడుకుగా సాగినా ప్రతి స్వరానికీ దాని గమకం దానికే ఉంటుంది. అటు అమెరికన్ బ్లూస్ గిటారిస్టు బి.బి. కింగ్ పాడేటప్పుడు గిటార్ ఆపేసేవాడు, పాట ఆగాక గిటార్ జవాబు చెప్పేది. అందుకే ఆయన ముక్కలు మాట్లాడినట్టు ఉంటాయి, ఊపిరి పీల్చుకునే చోటు ఉంటుంది. ఆయన వైబ్రాటో ఒక్క స్వరంలోనే గుర్తుపట్టొచ్చు.

సాయంత్రం యాంప్‌లో డిస్టార్షన్ (శబ్దాన్ని గరుకుగా మార్చే అమరిక) పెట్టి అదే ముక్క వాయించాం. డిస్టార్షన్‌లో పక్క తీగల రొద దాగదు, అందుకే సాధనలో కొంత భాగం దానితోనే చెయ్యాలంటాను. పైనున్న లావు తీగలు కుడి అరచేతి అంచుతో, కిందున్న సన్న తీగలు ఎడమ చూపుడువేలి లోపలి వైపుతో మూసి ఉంచాలి. ఒక స్వరం ఎక్కడ మొదలైందో అందరూ వింటారు. ఎక్కడ ముగిసిందో కూడా వినిపించేలా చేసేది ఈ మూతే. వాడికి ఇది కొత్త. బెండ్‌ను దింపేటప్పుడు కుయ్యిమనే శబ్దం ఆపడానికి చాలాసేపు పట్టింది, చివరికి ఆగింది. వాడి మొహం చూడాలి!

వచ్చే ఆదివారం దాకా వాడికి ఆ నాలుగు స్వరాల ముక్కే. రోజూ ముందు పాడాలి, తర్వాత 60 మీద మూడు కాలాల్లో వాయించాలి, చివరి స్వరాన్ని నాలుగు దెబ్బలు ఊపుతూ పట్టుకోవాలి. ఫోన్‌లో రికార్డు చేసి తెమ్మన్నాను. నేను కూడా అదే ముక్క చిటికెన వేలుతో బెండ్ చేస్తూ చెయ్యబోతున్నాను. ఆ వేలికి ఇంకా బలం చాలదు.