బావకి పడిన ఆరులు

ఆదివారం బెంగళూరులో, మారతహళ్లి ఫ్లాట్‌లో లూడో ఆడాం. బావ 24 సార్లు పాచిక వేస్తే 9 ఆరులు! లెక్కప్రకారం 4 పడాలి. "పాచికలో ఏదో మతలబుంది, మూల అరిగింది చూడు" అని అక్క ఒకటే గోల. కిరాణా బిల్లు వెనక లెక్కేశాను: 9 గానీ అంతకన్నా ఎక్కువ గానీ పడే అవకాశం దాదాపు 85లో ఒకటి. కానీ నలుగురం తలా అన్నేసి సార్లు వేశాం. ఎవరికి పడినా ఇలాగే అరిచేవాళ్ళం కదా? అప్పుడది 22లో ఒకటి. ఆరులు కాక ఒకట్లు పడినా (అవెప్పుడూ నాకే) నోరు లేచేదే. అనుమానం పుట్టించిన ఆటే సాక్ష్యమైతే ఎలా? అందుకని అదే పాచికని స్టీలు గ్లాసులో గిలకరించి మళ్ళీ 120 సార్లు వేశాను. 20 పడాల్సిన చోట 23 ఆరులు. ఆ మాత్రం తేడా మామూలే. అక్క మాత్రం కొత్త పాచిక కొనమంటోంది.