స్టాండర్డ్ హెరాల్డ్‌కి ఏ గ్రీజు వాడాలి: నా అనుభవం

పాత బండి పని ఇంట్లోనే మొదలుపెట్టేవాళ్ళు ముందు అడిగేది "మంచి గ్రీజు ఏది" అని, నేనూ అదే అడిగాను చెన్నై జీపీ రోడ్డులో బండి సామాన్ల షాపులో. కౌంటర్ దగ్గరున్నాయన ఎర్రది, నీలంది, పచ్చది, నల్లది వరసగా పెట్టి ఏది కావాలో చెప్పమన్నాడు, రంగు చూసి ఏం చెప్తాం, అది చాలావరకు కంపెనీవాడు కలిపిన డై మాత్రమే. డబ్బా వెనక చూడాల్సింది రెండు విషయాలు. ఒకటి ఎన్‌ఎల్‌జీఐ నంబరు, అంటే చిక్కదనం, 000 అయితే దాదాపు కారిపోతుంది, 6 అయితే గడ్డ, కార్లకి ఎక్కువగా వాడేది 2, మన దగ్గర వీల్ బేరింగులకి 3 కూడా బాగానే నడుస్తుంది. రెండోది సబ్బు, అంటే నూనెని పట్టి ఉంచేది, లిథియమా కాల్షియమా ఇంకోటా అని. మామూలు లిథియం గ్రీజు 180 డిగ్రీల పైన కరుగుతుంది, లిథియం కాంప్లెక్స్ అయితే 250 దాటాక, పాతకాలం కాల్షియం గ్రీజు నీళ్ళకి బాగా ఆగుతుంది గానీ 100 డిగ్రీల దగ్గరే చేతులెత్తేస్తుంది, డ్రమ్ బ్రేకు వేడి తగిలే చోట అది పెట్టకూడదు.

నా బండి పెదనాన్న వాడిన స్టాండర్డ్ హెరాల్డ్ కారు. ఇంగ్లండులో ట్రయంఫ్ హెరాల్డ్‌గా 1959లో వచ్చింది, 1961 నుంచి ఇక్కడే వండలూరు వైపు ఫ్యాక్టరీలో చేశారు, అంటే మద్రాసు బండే. బానెట్ మొత్తం ముందుకి ఒరిగిపోతుంది కాబట్టి టైరు మీద కూర్చునే పని చేసుకోవచ్చు, ఈ సుఖం ఇంకే కారులోనూ చూళ్ళేదు నేను.

వీల్ బేరింగులు విప్పితే లోపల గ్రీజు తెల్లబారిపోయి ఉంది, వానాకాలం రోడ్డు మీద నిలిచిన నీళ్ళలో నడిపితే అంతే. పాతది ఏ రకమో తెలీనప్పుడు దాని మీదే కొత్తది కొట్టకూడదు, లిథియం గ్రీజు, బెంటోనైట్ మట్టి గ్రీజు కలిస్తే రెండూ పలచబడి కారిపోవచ్చు. అందుకే కిరోసిన్‌లో కడిగి, పూర్తిగా ఆరబెట్టి (గాలి గన్ పెట్టి బేరింగ్‌ని గిర్రున తిప్పకండి, సరదాగానే ఉంటుంది గానీ పాడైపోద్ది), అరచేతిలో గ్రీజు ముద్ద పెట్టుకుని బేరింగ్ వెడల్పు అంచుని దానికేసి నొక్కుతూ పోయాను, రోలర్ల మధ్య నుంచి అవతలివైపు సన్నగా బయటికొచ్చేదాకా. హబ్ (చక్రం మధ్య బేరింగ్ కూర్చునే గుల్ల) నిండా కుక్కితే వేడెక్కుతుంది, ఖాళీ ఉంచాలి. మాలీ (మాలిబ్డినం డైసల్ఫైడ్ పొడి) కలిపిన నల్ల గ్రీజు ఖరీదెక్కువ కదా అని అన్నిచోట్లా పూసేవాళ్ళున్నారు, అది రాసుకుంటూ జారే చోట్లకి మంచిది, వీల్ బేరింగ్‌కి దాంతో పని లేదు. బ్రేకు సిలిండర్ రబ్బరుకైతే ఆముదంతో చేసే ఎర్ర రబ్బర్ గ్రీజే, మామూలు మినరల్ గ్రీజు తగిలితే ఆ రబ్బరు ఉబ్బిపోతుంది.

ఇంతవరకు బాగానే ఉంది, స్టీరింగ్ మాత్రం బిగుతు వదల్లేదు. పుదుపేటలో ఒక పెద్ద మెకానిక్ ఉన్నాడు, మన తెలుగాయనే, ముందు చక్రం కింద చెయ్యిపెట్టి తడిమి "ఈడ గ్రీజు కొట్టినోడెవడు నైనా?" అన్నాడు. అంతకుముందు సర్వీసు చేసిన గ్యారేజీవాళ్ళన్నా, అన్నాను. "దీనికి ఆయిలు పొయ్యాల. గ్రీజు కాదు." ఆయన చెప్పింది ట్రనియన్ గురించి. చక్రాన్ని మోసే నిలువు లింకు కింది చివర మర ఉంటుంది, అది ఇత్తడి రంగు ట్రనియన్‌లోకి దిగుతుంది, స్టీరింగ్ తిప్పిన ప్రతిసారీ ఆ మరే తిరుగుతుంది. గ్రీజు ఆ మర సందుల్లోకి సరిగ్గా పోదు, పోయింది కూడా ఎండి అట్ట కడుతుంది, నీళ్ళు చేరి మర తుప్పు పట్టి ఒకరోజు లింకు విరిగి చక్రం పక్కకి పడిపోతుంది. కంపెనీ చెప్పింది కూడా హైపాయిడ్ గేర్ ఆయిలే, ఈపీ 90.

విప్పితే మర మీద తుప్పు మచ్చలు పైపైనే ఉన్నాయి, అరుగు లేదు, బతికిపోయాం. శుభ్రం చేసి, కొత్త రబ్బర్ సీళ్ళు వేసి, ట్రనియన్‌కున్న చిన్న ప్లగ్గు తీసి దాని స్థానంలో గ్రీజు గన్ తగిలించే నిప్పిల్ బిగించి, గన్‌లో ఈపీ 90 పోసి పైనించి నూనె ఊరేదాకా కొట్టాం. గ్రీజు గన్‌లో నూనె పోస్తే మోచేతుల దాకా కారుతుంది, పాత బనీను వేసుకోండి. ఆ గన్ మీద పెయింటుతో ఆయిల్ అని రాసి వేరేగా పెట్టాను. స్టీరింగ్ ఇప్పుడు ఒక చేత్తో తిరుగుతోంది, కింద నూనె చుక్కలు పడుతున్నాయని ఇంట్లో గొడవ, అట్టముక్క పరిచాను.