నల్లకోటు నుంచి శాసనసభకు: ప్లీడర్లు జారిపడేది తారీఖుల దగ్గరే

తెన్నేటి విశ్వనాథం గారు విశాఖలో ప్లీడరు. స్వాతంత్ర్యోద్యమంలో జైలుకెళ్ళారు. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ప్రకాశం పంతులు గారి మంత్రివర్గంలో ఆర్థిక మంత్రి అయ్యారు. 1967లో ఏ పార్టీ టికెట్టూ లేకుండా విశాఖ నుంచి లోక్‌సభకు గెలిచారు. జి.ఎం.సి. బాలయోగి గారిది ఇంకో దారి. ఆంధ్రా యూనివర్సిటీలో చదివి కాకినాడలో ప్రాక్టీసు పెట్టారు. 1987లో తూర్పు గోదావరి జిల్లా పరిషత్ చైర్మన్, 1991లో ఎంపీ, తర్వాత రాష్ట్రంలో మంత్రి, 1998లో లోక్‌సభ స్పీకర్.

ఒకరిది ఉద్యమం దారి, ఇంకొకరిది స్థానిక సంస్థల దారి. ఇప్పుడు మన కోర్టు ఆవరణలో కుర్ర లాయర్లు ఎక్కువగా చూసేది మూడో దారి: ముందు ఏజీపీనో (అసిస్టెంట్ ప్రభుత్వ ప్లీడరు), పీపీనో (పబ్లిక్ ప్రాసిక్యూటర్), జీపీనో (ప్రభుత్వ ప్లీడరు) అవడం, ఆ పరిచయాలతో టికెట్టు అడగడం. నన్నడిగితే విశాఖ నగరపాలక సంస్థ జీవీఎంసీలో ఉన్న 98 వార్డుల్లో ఒకదానికి కార్పొరేటర్‌గా నిలబడటం ఇంతకంటే గట్టి మెట్టు. ప్రభుత్వ వకీలు పదవి పలుకుబడి ఇస్తుంది గానీ ఓట్లు ఇవ్వదు. పైగా నామినేషన్ల పరిశీలన రోజున అదే మెడకు చుట్టుకోవచ్చు.

జిల్లా పీపీకి కనీసం 7 ఏళ్ల ప్రాక్టీసు ఉండాలి. సెషన్స్ జడ్జిని సంప్రదించి కలెక్టర్ ప్యానెల్ (అర్హుల పేర్ల జాబితా) తయారుచేస్తారు, నియామకం ప్రభుత్వానిది. ఈ సంగతి అప్పట్లో క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ (సీఆర్‌పీసీ) 24వ సెక్షన్లో ఉండేది, 2024 జులై 1 నుంచి దాని స్థానంలో వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్ 18వ సెక్షన్లో ఉంది. పేరు కదలాలంటే పార్టీ మాట కూడా ఉండాలన్నది బార్‌లో అందరూ అనుకునేదే.

చిక్కు రాజ్యాంగం 191వ అధికరణంతో వస్తుంది. ప్రభుత్వం కింద లాభదాయక పదవిలో ఉన్నవాళ్లు, చట్టం మినహాయిస్తే తప్ప, శాసనసభకు అనర్హులు. ఫీజు ఒక్కో కేసుకి ఇస్తారు కదా, జీతం కాదు కదా అని లాయర్లు వాదిస్తారు. సుప్రీంకోర్టు చూసేది అది కాదు. మహాదేవ్ వర్సెస్ శాంతిభాయ్ కేసులో రైల్వే ప్యానెల్‌లో ఉన్న వకీలుది లాభదాయక పదవేనని తేల్చింది. రైల్వే కేసులన్నిటి మీదా కన్నేసి ఉంచాలి, రైల్వేకి వ్యతిరేకంగా వకాల్తా పట్టకూడదు వంటి షరతులున్న కొనసాగే బాధ్యత కాబట్టి. కాంతా కథూరియా కేసులో మాత్రం ఒకే ఒక్క వ్యవహారానికి పెట్టుకున్న ప్రత్యేక ప్రభుత్వ ప్లీడరుది అసలు పదవే కాదని మెజారిటీ జడ్జీలు అన్నారు. తేడా అంతా నియామక పత్రంలోని షరతుల్లోనే ఉంది.

విశాఖలో రైల్వే, పోర్టు, ఉక్కు కర్మాగారం మూడూ ఉన్నాయి గనక ప్యానెల్ లాయర్లకు కొదవ లేదు. రైల్వే అంటే నేరుగా కేంద్ర ప్రభుత్వమే. మిగతా రెండూ వేరే సంస్థలు, అక్కడ నియమించేదెవరు, తీసేసేదెవరు, డబ్బు ఎవరిది అన్న ప్రశ్నలు వస్తాయి. వాదన గెలవొచ్చు కూడా. కానీ ఎన్నిక చెల్లదంటూ వేసే ఎన్నికల పిటిషన్‌లో రెండేళ్లు తిరిగి గెలిచేకంటే అన్నిటికీ ముందే రాజీనామా ఇవ్వడం చవక. రాజీనామా ఇచ్చామంటే చాలదు, ఆమోదించిన కాగితం చేతికి రావాలి. రిటర్నింగ్ అధికారి అర్హతను చూసేది నామినేషన్ వేసిన రోజున కాదు, పరిశీలన రోజున. ఎవరో ఒకరు ఆక్షేపణ లేవనెత్తితే ఆ కాగితమే దిక్కు.

ఇక శాసనసభ సీటుకి నామినేషన్. నామినేషన్ పత్రం ఫారం 2బి గరిష్ఠంగా నాలుగు సెట్లు. డిపాజిట్ 10,000 రూపాయలు, ఎస్సీ ఎస్టీలకు 5,000. గుర్తింపు ఉన్న పార్టీ అయితే ఒక్క ప్రతిపాదకుడు చాలు, స్వతంత్రులకు పదిమంది కావాలి, వాళ్ల ఓటు అదే నియోజకవర్గంలో ఉండాలి. అభ్యర్థికి ఆ నిబంధన లేదు. విశాఖ ఉత్తరంలో ఓటున్నవాళ్లు భీమిలిలో నిలబడొచ్చు, ఓటరు జాబితా సర్టిఫైడ్ కాపీ పరిశీలన సమయానికల్లా చూపిస్తే సరి. ఫలానావాళ్లే మా అభ్యర్థి అని పార్టీ ఇచ్చే బీ-ఫారం నామినేషన్ల ఆఖరి రోజు మధ్యాహ్నం 3 గంటల్లోపు చేరాలి, సిరా సంతకంతో ఉన్న అసలు కాగితమే. వాట్సాప్‌లో వచ్చిన ఫొటో పనికిరాదు. ఎన్నికల ఖర్చు కోసం విడిగా బ్యాంకు ఖాతా, కనీసం నామినేషన్‌కి ముందు రోజైనా తెరవాలి. రాజ్యాంగానికి విధేయతా ప్రమాణం నామినేషన్ ఇచ్చాక, పరిశీలన తేదీకి ముందు చేయాలి. పరిశీలన రోజు పొద్దున్న చేస్తాలే అనుకుంటే అంతే సంగతులు.

ఊళ్లో అందరి అఫిడవిట్లూ రాసిపెట్టే లాయర్లు సొంత ఫారం 26 (నామినేషన్‌తో ఇచ్చే అఫిడవిట్) దగ్గర తప్పులు చేస్తారు. ఏ గడీ ఖాళీ వదలకూడదు. ‘లేదు’, ‘వర్తించదు’ అని రాయాలి. 2013లో రిసర్జెన్స్ ఇండియా కేసు తర్వాత, గుర్తుచేసినా నింపకపోతే నామినేషన్ కొట్టేయొచ్చు. ఎక్కువగా మరిచిపోయేది ధర్నా కేసులు. ఉక్కు ప్రైవేటీకరణ వద్దని రోడ్డెక్కినప్పుడు పెట్టిన ఎఫ్‌ఐఆర్ కూడా, పెండింగ్‌లో ఉంటే, స్టేషన్ పేరూ నంబరూ వేసి చూపాలి. తనకీ భార్యకీ కుటుంబంలో ఆధారపడ్డవాళ్లకీ అయిదేళ్ల ఆదాయపు పన్ను వివరాలూ కావాలి. గత పదేళ్లలో ప్రభుత్వ క్వార్టర్‌లో ఉంటే అద్దె, కరెంటు, నీళ్లు, టెలిఫోన్ బకాయి లేదన్న పత్రం కావాలి.

ఖర్చు పరిమితి 40 లక్షలు. ఫలితం వచ్చిన 30 రోజుల్లో లెక్క అప్పగించాలి, ఓడినా సరే. ఇవ్వకపోతే ఎన్నికల సంఘం మూడేళ్లు అనర్హత వేయొచ్చు. ఓడినవాళ్లే దీన్ని ఎక్కువ అలక్ష్యం చేస్తారు. గెలిచినవాళ్లకు 45 రోజుల గండం: ఆ లోపు ఆ నియోజకవర్గం ఓటరు గానీ పోటీ చేసిన అభ్యర్థి గానీ అమరావతిలోని హైకోర్టులో ఎన్నికల పిటిషన్ వేయొచ్చు.

గెలిచాక కోటు విప్పేయాలా? ఎమ్మెల్యేగా ఉంటే అక్కర్లేదు. 2018 సెప్టెంబరులో సుప్రీంకోర్టు, శాసనసభ్యులు పూర్తికాలపు జీతగాళ్లు కారు గనక పూర్తికాలపు జీతానికి పనిచేసేవాళ్లు ప్రాక్టీసు చేయకూడదన్న బార్ కౌన్సిల్ 49వ నిబంధన వాళ్లకు వర్తించదని చెప్పింది. మంత్రి అయితే సంగతి వేరు. మన రాష్ట్రంలో 175 సీట్లకు 15 శాతం అంటే ముఖ్యమంత్రితో కలిపి 26 మందే, అదృష్టం తలుపు తట్టేది కొద్దిమందికే. తట్టినవాళ్లు ప్రాక్టీసు ఆపుతున్నట్టు బార్ కౌన్సిల్‌కి రిజిస్టర్డ్ పోస్టులో రాసి, అసలు ఎన్‌రోల్‌మెంట్ సర్టిఫికెట్ జతచేయాలి. వకాల్తాలు వాటంతట అవి పోవు. కోర్టు అనుమతితో విడుదల పొందాలి, క్లయింటుకు తగిన నోటీసు ఇవ్వాలి, చేయని పనికి తీసుకున్న ఫీజు తిరిగివ్వాలి. జూనియర్‌కి ఫైళ్లు అప్పగించేస్తే అయిపోయిందనుకుంటారు. వాయిదా రోజున కాజ్‌లిస్టులో (ఆ రోజు కేసుల జాబితాలో) మంత్రిగారి పేరే కనబడుతుంది.

మంత్రి పదవి రానివాళ్లకు వీఎంఆర్‌డీఏ (విశాఖ మహానగర ప్రాంత అభివృద్ధి సంస్థ) వంటి సంస్థల చైర్మన్ గిరీ ఇస్తుంటారు. ఎమ్మెల్యే దాన్ని తీసుకునే ముందు రాష్ట్రంలోని 1953 నాటి అనర్హతల తొలగింపు చట్టం షెడ్యూల్లో ఆ పదవి ఉందో లేదో చూడాలి. గౌరవవేతనం తీసుకోవట్లేదు అన్న సమాధానం చెల్లదు. జయా బచ్చన్ కేసులో 2006లో కోర్టు తేల్చింది అదే: డబ్బు ముట్టిందా అని కాదు, ముట్టే వీలుందా అని.

పదవి పోయాక మళ్లీ కోర్టుకు రావడం సులువే, శిక్ష ఏదీ పడకపోతే. బార్ కౌన్సిల్ కార్యదర్శికి దరఖాస్తు, దాంతోపాటు ఆపిన కాలంలో అడ్వొకేట్ల చట్టం 24ఎ కింద అనర్హత ఏదీ రాలేదని అఫిడవిట్. శిక్ష పడితే రెండు గడియారాలు వేరువేరుగా నడుస్తాయి. నైతిక పతనం అనిపించుకునే నేరమైతే 24ఎ ప్రకారం విడుదలైన రెండేళ్లకు అడ్డు తొలగుతుంది. రెండేళ్లు లేక అంతకు మించిన జైలు శిక్ష అయితే మాత్రం ప్రజాప్రాతినిధ్య చట్టం 8వ సెక్షన్ కింద విడుదలయ్యాక ఇంకో ఆరేళ్లు ఎన్నికల్లో నిలబడటానికి లేదు. 2013 నాటి లిల్లీ థామస్ తీర్పు వచ్చాక, అప్పీలు వేశాను కదా అని సీటు పట్టుకుని కూర్చునే వీలూ లేదు. శిక్ష ఒక్కటే ఆపించుకుంటే చాలదు, దోషి అన్న నిర్ణయం మీదే స్టే తెచ్చుకోవాలి.