ఆ పేరు ఉంచాలా వద్దా అన్నది ఓటింగ్‌కి పెట్టకండి

హనుమకొండలో మా తమ్ముడు చదివే కాలేజీలో ప్రతి ఏడూ హాస్టల్ బ్లాకుల మధ్య క్రికెట్ టోర్నమెంట్ పెడతారు. కాలేజీ పేరు రాయను, అక్కర్లేదు కూడా. అందులో ఒక బ్లాక్ టీమ్ పేరు ‘జంగిల్ కోయాస్’. ఎప్పుడో సీనియర్లు పెట్టారట, బ్యాచ్ తర్వాత బ్యాచ్ అట్లనే నడుస్తున్నది. తమ్ముడు టీషర్టు తెచ్చి చూపించాడు. ఛాతీ మీద నల్లటి మొహం, బయటికొచ్చిన పళ్లు, ముక్కులో అడ్డంగా ఎముక, తలకి ఈకలు, కింద రెండు బాణాలు అడ్డంగా. మ్యాచ్ రోజు ఒకడు ఒళ్లంతా బొగ్గు పూసుకుని, నడుముకి ఆకులు కట్టుకుని, వికెట్ పడ్డప్పుడల్లా బౌండరీ చుట్టూ అరుచుకుంటూ ఉరుకుతాడు. అందరూ వీడియోలు తీస్తారు.

ఈసారి అదే బ్లాక్‌లో ఉంటున్న కొందరు కోయ, గోండు పిల్లలు, వాళ్ల రూమ్మేట్లు కలిసి ఈ పేరు, ఈ బొమ్మ, ఈ వేషం తీసెయ్యమని ప్రిన్సిపాల్‌కి లెటర్ ఇచ్చారు. ఎవరి మీదా యాక్షన్ అడగలేదు, ఎవరి పేరూ రాయలేదు. అయినా హాస్టల్ వాట్సాప్ గ్రూపులో పెద్ద లొల్లి. ‘గింత చిన్నదానికి గింత ఫీలయ్యుడేందిరా’, ‘సరదాకు పెట్టుకున్నం’, ‘కోయోళ్లంటే వీరులు, గౌరవంతోనే పెట్టినం కదా’. ఏటూరునాగారం వైపు నుంచి వచ్చిన పిల్లవాడు ఒకడు రాసిన జవాబు తమ్ముడు నాకు చదివి వినిపించాడు: ‘అన్నా, మా ఊర్ల ఎవ్వరు ముక్కుల ఎముక పెట్టుకోరు. నన్ను చూసిండ్రు కదా మూడేండ్ల సంది, ఆ బొమ్మ నా లెక్క ఉన్నదా?’ దానికి ఎవరూ జవాబివ్వలేదట, కింద నవ్వే ఎమోజీలు మాత్రం పడ్డాయి.

చివరికి కమిటీ వేశారు. ఆ కమిటీ ఏం చేసిందంటే, గూగుల్ ఫామ్ పెట్టి హాస్టల్ మొత్తాన్ని ఓటెయ్యమంటున్నది, పేరు ఉంచాలా మార్చాలా అని. ఈ పోస్టు రాయడానికి కారణం ఆ ఫామ్.

ఇది మన దగ్గర కొత్తగా పుట్టిన పంచాయితీ కాదు. అమెరికా, కెనడా యూనివర్సిటీల్లో యాభై ఏళ్లకు పైగా ఇదే నడుస్తున్నది. అక్కడ ప్రతి యూనివర్సిటీ టీమ్‌కీ ఒక ముద్దుపేరు, ఒక మస్కట్ (టీమ్ గుర్తుగా పెట్టుకునే బొమ్మ లేదా వేషం) ఉంటాయి, అవంటే అక్కడి వాళ్లకి ప్రాణం. చాలాచోట్ల అవి అక్కడి ఆదివాసుల పేర్లు, ఆదివాసుల వేషాలు. ఇల్లినాయిస్ యూనివర్సిటీలో 1926 నుంచి మ్యాచ్ విరామంలో ‘చీఫ్ ఇల్లినివెక్’ అని ఒక స్టూడెంట్ తలకి ఈకల కిరీటం పెట్టుకుని మైదానం మధ్యలో గెంతుతూ డాన్స్ చేసేవాడు. ఆ వేషం కట్టేది దాదాపు ఎప్పుడూ తెల్ల పిల్లలే. పైగా ఆ బట్టలు ఇల్లినాయిస్ నేల మీద బతికిన తెగలవి కూడా కావు, ఎక్కడో పడమటి మైదానాల్లో ఉండే లకోటా వాళ్ల తరహావి. ఆ ఇల్లినీ తెగల వారసులైన పియోరియా వాళ్లు అప్పటికే ఓక్లహోమాకి నెట్టేయబడి ఉన్నారు. సొంత నేల మీద వాళ్లు లేరు, వాళ్ల పేరుతో ఒక డాన్స్ మాత్రం ఉంది.

షార్లీన్ టీటర్స్ అని స్పోకేన్ తెగ ఆవిడ, ఆర్ట్‌లో పీజీ చెయ్యడానికి ఆ యూనివర్సిటీకి వచ్చింది. ఒకసారి పిల్లలిద్దరినీ తీసుకుని బాస్కెట్‌బాల్ మ్యాచ్‌కి వెళ్లింది. వాళ్ల ఇళ్లల్లో ఈగిల్ ఈకలంటే మొక్కుకునే వస్తువులు. అవి పెట్టుకుని ఎవడో గెంతుతుంటే వేలమంది చప్పట్లు కొడుతున్నారు, పక్కన తన పిల్లలు సీట్లలో ముడుచుకుపోతున్నారు. ఆ తర్వాత ఆవిడ ఒక్కతే అట్ట మీద రాసుకుని స్టేడియం బయట నిలబడడం మొదలుపెట్టింది. 1989 నాటి మాట ఇది. తిట్లు తిన్నది, బెదిరింపులు పడ్డది. 2000లో పియోరియా తెగ కౌన్సిలే ఆపెయ్యమని తీర్మానం చేసింది. అయినా ఆగలేదు. 2005లో అమెరికా కాలేజీ ఆటలను నడిపే ఎన్‌సీఏఏ, ఇలాంటి పేర్లు, బొమ్మలు ఉన్న యూనివర్సిటీలకు తన టోర్నమెంట్లలో ఆంక్షలు పెట్టాక, 2007లో గానీ ఆ డాన్స్ ఆగలేదు. అక్కడ కూడా ఇన్నేళ్లూ వినిపించిన మాట ఒక్కటే: మేం గౌరవిస్తున్నాం.

నార్త్ డకోటా యూనివర్సిటీలో డబ్బు కూడా అడ్డం పడింది. అక్కడి టీమ్ పేరు ‘ఫైటింగ్ సూ’, సూ అంటే అక్కడి ఆదివాసులే. పూర్వ విద్యార్థి ఒకాయన, లాస్ వేగస్‌లో క్యాసినో ఓనర్, పది కోట్ల డాలర్లకు పైగా పెట్టి హాకీ స్టేడియం కట్టిస్తూ, పేరు మారిస్తే సగంలో ఆపేస్తానని 2000 డిసెంబర్‌లో లెటర్ రాశాడు. పేరు ఉండిపోయింది. స్టేడియం లోపల ఎక్కడ చూసినా ఆ బొమ్మే, వేల సంఖ్యలో చెక్కించాడు, రేపు ఎవరైనా తీసెయ్యాలన్నా తీయలేనట్టు. తర్వాత ఎన్‌సీఏఏతో కోర్టుకి పోయి, 2007లో రాజీకి వచ్చారు. ఆ రాజీలో షరతు నాకు చాలా నచ్చింది. మూడేళ్లలో స్పిరిట్ లేక్, స్టాండింగ్ రాక్ అనే రెండు సూ తెగలూ ఒప్పుకుంటే పేరు ఉంచుకోవచ్చు, లేకపోతే తీసెయ్యాలి. స్పిరిట్ లేక్ వాళ్లు ఓటేసి ఒప్పుకున్నారు. స్టాండింగ్ రాక్ వాళ్లు ఒప్పుకోలేదు. మధ్యలో రాష్ట్ర అసెంబ్లీ పేరు ఉంచాల్సిందేనని చట్టం చేసి, అదే ఏడు వెనక్కి తీసుకుంది. 2012లో రాష్ట్రమంతా ఓటింగ్ పెడితే మూడింట రెండొంతుల మంది వదిలేద్దామన్నారు. 2015లో ‘ఫైటింగ్ హాక్స్’ అయ్యింది.

చూడండి, ఒక తెగ అవునంది, ఒక తెగ కాదంది. ఆదివాసులందరూ ఒకేలా అనుకోవాలని ఎక్కడా లేదు. ఫ్లోరిడాలో సెమినోల్ తెగ అక్కడి ఫ్లోరిడా స్టేట్ యూనివర్సిటీకి తమ పేరు వాడుకోమని ఒప్పుకుంది, అది ఇప్పటికీ ఉంది, నాకు దాని మీద కంప్లైంట్ లేదు. ఎవరి పేరైతే పెట్టారో వాళ్లని కూర్చోబెట్టి అడిగారా లేదా, నేను చూసేది అది.

మన దగ్గర అడిగేవాళ్లు ఎవరు? ఏ కాలేజీ యాన్యువల్ డేకి పోయినా ‘ట్రైబల్ డాన్స్’ అని ఒక ఐటమ్ ఉంటుంది. డ్రెస్సులు కిరాయికిచ్చే షాపులో ఆ సెట్ రెడీగా కవర్‌లో పెట్టి ఉంటుంది. నైలాన్ ఆకుల లంగా, ప్లాస్టిక్ ఎముకల దండ, రంగు వేసిన కోడీకల పట్టీ, చిన్న ఈటె, నల్లరంగు డబ్బా ఒకటి. స్కూళ్లలో ఒకటో తరగతి పిల్లలకి కూడా అదే కట్టి, ఏదో అర్థం కాని అరుపులు నేర్పి స్టేజ్ ఎక్కిస్తారు. ఆ సెట్‌లో ఉన్న ఒక్క వస్తువైనా మన ఉత్తర తెలంగాణలో ఏ కోయ గూడెంలోనో, ఏ గోండు గూడెంలోనో ఉంటుందా?

నిజమైన ఈకల టోపీ సంగతి కూడా చెప్పాలి. ఆదిలాబాద్ వైపు గోండులు దీపావళికి దండారీ పండుగ చేస్తారు, అందులో గుస్సాడీ నాట్యం చేసేవాళ్లు నెమలి ఈకల పెద్ద టోపీ పెట్టుకుంటారు, ఒంటికి బూడిద రాసుకుంటారు. అది వేషం కాదు, దీక్ష. దీక్ష ఉన్నన్ని రోజులు స్నానం చెయ్యరు, ఆ టోపీకి పూజ చేసి గానీ తలకెత్తుకోరు, పండుగ అయిపోయాక కూడా భద్రంగా దాచి పూజిస్తారు. అయ్యప్ప మాల వేసుకున్నవాళ్ల ముందు మనం ఎంత జాగ్రత్తగా మసులుకుంటామో మనకు తెలుసు. మార్లవాయి కనక రాజు గారు జీవితమంతా గుస్సాడీ నేర్పి 2021లో పద్మశ్రీ అందుకున్నారు, 2024లో చనిపోయారు. ఆయన తలకెత్తుకున్న ఈకలకీ ఆ టీషర్టు మీది ఈకలకీ ఏమన్నా సంబంధం ఉందా? పేపర్లో ఆయన ఫొటో చూసి గర్వపడ్డవాళ్లం, అదే నెలలో ఫ్రెషర్స్ పార్టీలో బొగ్గు పూసుకుని గెంతితే మనకు సోయి ఉండదా?

మేడారం సంగతి అయితే ఇంకా బాధ. రెండేళ్లకోసారి జాతర వస్తే వరంగల్ సగం ఖాళీ అవుతుంది. ఎత్తు బంగారం ఇస్తాం, కోయ పూజారులు తల్లిని గద్దె మీదికి తెచ్చేటప్పుడు పోలీసులతో సహా అందరం చేతులు జోడిస్తాం, కాకతీయుల సైన్యానికి ఎదురు నిలిచిన తల్లి కథ చిన్నప్పటి నుంచి వింటున్నాం. ఆ తల్లి బిడ్డల పేరే కదా టీషర్టు మీద పళ్లు బయటపెట్టిన బొమ్మ కింద రాసింది.

ఇక ఓటింగ్ గురించి. తమ్ముడు తెలివైనవాడు, వెంటనే అడిగాడు, ‘మాంట్రియల్‌లో ఓటింగ్‌తోనే పనయ్యింది కదా అక్కా’ అని. నిజమే. అక్కడి మెక్‌గిల్ యూనివర్సిటీలో ‘రెడ్‌మెన్’ (ఎర్ర మనుషులు, ఆదివాసుల్ని తక్కువ చేసి పిలిచే మాట కూడా అదే) పేరు మీద 2018లో ఒక ఆదివాసీ రోయింగ్ క్రీడాకారుడు ఉద్యమం నడిపితే, విద్యార్థి సంఘం ఓటింగ్‌లో 78.8 శాతం మార్చాలన్నారు, 2019లో యాజమాన్యం పేరు తీసేసింది, తర్వాత ‘రెడ్‌బర్డ్స్’ పెట్టుకున్నారు. మొదట్లో ఆ పేరు ఎర్ర జెర్సీల వల్ల వచ్చిందే, ఎవర్నీ అవమానించాలని పెట్టింది కాదు అని అక్కడా వాదించారు. కానీ మధ్యలో అక్కడి టీమ్‌లను ‘ఇండియన్స్’ (అంటే మనం కాదు, అక్కడి ఆదివాసుల్ని అట్ల పిలిచేవాళ్లు) అని పిలిచిన కాలం ఉంది, ఆదివాసీ బొమ్మ లోగోగా పెట్టుకున్న కాలం ఉంది. ఎట్ల మొదలైందన్నది ఒక మాట, తర్వాత ఎట్ల వాడారన్నది ఇంకో మాట.

అయితే ఆ ఓటింగ్ మార్పు కోరినవాళ్ల చేతికి బలం ఇచ్చింది. మన ఫామ్ అట్లాంటిది కాదు. ఇక్కడ కమిటీ వాళ్లే తప్పించుకోవడానికి పెట్టారు. ఆ హాస్టల్‌లో కోయ, గోండు పిల్లలు ఎంతమంది? ఒక్క డైనింగ్ టేబుల్ నిండా ఉంటారేమో. మిగతా హాస్టలంతా కలిసి వాళ్ల బాధ చెల్లుతుందా చెల్లదా అని లెక్కపెట్టి చెప్తారా? స్టాన్‌ఫర్డ్‌లో 1972లో ‘ఇండియన్స్’ పేరు తీసెయ్యమని అర్జీ పెట్టింది 55 మంది, ఆదివాసీ విద్యార్థులు, ఉద్యోగులు కలిపి. అంత పెద్ద యూనివర్సిటీలో 55 మంది. అది చాలింది. కొత్త పేరు మీద మాత్రం ఏళ్లకేళ్లు కొట్లాడుకుని చివరికి ‘కార్డినల్’ అనే ఎరుపు రంగు పేరు మీద కుదురుకున్నారు. అట్ల కొట్లాడుకోండి, మంచిదే. కొత్త పేరుకి ఫామ్ పెట్టండి, పది పేర్లు రాయించండి, ఓట్లేయించండి. పాత పేరు తీసెయ్యడం మాత్రం ప్రిన్సిపాల్ సంతకంతో అయిపోవాలి.

కాలేజీ భయపడుతున్నది కేసుల గురించి అని తెలుసు. కులం, తెగ పేరుతో తోటి విద్యార్థిని కించపరచడం ర్యాగింగ్ కిందికే వస్తుందని యూజీసీ 2016లో నిబంధనల్లో చేర్చింది. ఆ పిల్లలు ఆ దారి పట్టలేదు, లెటర్‌లో యూజీసీ మాట కూడా రాయలేదు. ఆ మర్యాదకైనా జవాబు రావాలి.

టోర్నమెంట్ సంక్రాంతి సెలవుల తర్వాత, టీషర్టులు ప్రింటింగ్‌కి ఆలోపే వెళ్తాయి. కాబట్టి టైమ్ తక్కువ. ఆ కాలేజీలో చదివిన వాళ్లు, ముఖ్యంగా ఆ బ్లాక్‌లో ఉండి ఆ టీమ్‌కి ఆడినవాళ్లు ఇది చదువుతుంటే, ప్రిన్సిపాల్‌కి రెండు లైన్ల మెయిల్ పెట్టండి, పేరు మార్చడం మాకు సమ్మతమే అని. ‘సీనియర్లు బాధపడతారు’ అనేదే కమిటీ చెప్తున్న మొదటి సాకు, అది మీరే తీసెయ్యగలరు.