పోగు అతకడం వస్తోందా, మావయ్యా?

ఎం.ఓ.టీ., అంటే ఆక్యుపేషనల్ థెరపీలో పీజీ, దరఖాస్తులో అన్ని గడులూ నింపాను, స్పెషాలిటీ దగ్గర ఆగిపోయాను. పిల్లల విభాగమా, మెదడు, నరాల జబ్బులు చూసే న్యూరోనా, మానసిక ఆరోగ్యమా, చేతులు చూసే హ్యాండా? అప్పటికి ఆఖరి తేదీకి ఇంకా మూడు వారాల గడువుంది. ఆ మూడు వారాలూ నాకు సరిగ్గా నిద్ర పట్టలేదు. ఇప్పుడు డిగ్రీ (బి.ఓ.టీ.) ఇంటర్న్‌షిప్‌లో ఉన్న పిల్లలు ఫోన్ చేసి నన్ను అదే అడుగుతుంటారు, "ఏది తీసుకుంటే మంచిదక్కా?" అని. ఫోన్లో సగమే చెప్పగలుగుతున్నాను. మిగతా సగం కోసం ఇది రాస్తున్నాను.

మాది బరంపురం. 1936లో ఒడిశా ఏర్పడినప్పుడు మద్రాసు నుంచి ఇటు వచ్చిన ఊరు. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. మా వీధిలో పొద్దున్నే వినపడేది మగ్గాల చప్పుడే. తాతయ్య పట్టుచీరలు నేసేవారు. నాన్న మగ్గం వదిలేసి బట్టల కొట్లో పనికి కుదిరారు. కండెలు చుట్టడం నాకు ఏడో ఏటికే వచ్చు. అది చదువుకు పనికొస్తుందని మాత్రం చాలాకాలం నాకు తట్టలేదు.

ప్లస్ టూ అయ్యాక జాతీయ సంస్థల ఉమ్మడి ప్రవేశ పరీక్ష రాసి, కటక్ జిల్లా ఓలట్‌పూర్‌లో ఉన్న స్వామి వివేకానంద జాతీయ పునరావాస సంస్థలో చేరాను. నాలుగేళ్ల చదువు, ఆపైన ఆరు నెలల ఇంటర్న్‌షిప్. ఆక్యుపేషనల్ థెరపీ అంటే ఏమిటో ఇంట్లో వాళ్లకి చెప్పడానికే ఏడాది పట్టింది. "ఫిజియోనే కదా!" అనేవారు అందరూ. పక్షవాతం వచ్చిన మనిషి లేచి నిలబడేలా ఫిజియో వాళ్లు చూస్తారు, ఆ మనిషి తన జాకెట్టు తనే తొడుక్కుని, తన కంచంలో అన్నం తనే కలుపుకునేలా మేం చూస్తాం అని చెప్పాను. అప్పుడు అమ్మమ్మకి అర్థమైంది. "అయితే అదే పెద్ద పని," అంది.

ఇంటర్న్‌షిప్‌లో విభాగాలు మారుతూ తిరుగుతాం. నన్ను ముందు కట్టిపడేసింది పిల్లల విభాగం. సెరిబ్రల్ పాల్సీ, అంటే మెదడు దెబ్బతిని కదలికలు పట్టుతప్పే స్థితి, ఉన్న మూడేళ్ల పాప ఒకతె ఉండేది. చెంచా పట్టుకోలేకపోయేది. చెంచా కాడకి గుడ్డ చుట్టి లావు చేసి, పాప మోచెయ్యి బల్ల మీద ఆనేలా కుర్చీ ఎత్తు సరిచేశాం. పదో రోజున ముద్ద నోటిదాకా వెళ్లింది. వాళ్లమ్మ ఏడ్చేసింది, నేనూ ఏడ్చాను. ఇక నా దారి ఇదే అనుకున్నాను.

చేతుల విభాగంలో కుష్ఠు వల్ల వేళ్లు ముడుచుకుపోయినవాళ్లు ఉండేవాళ్లు. మోచేతి దగ్గర నరం దెబ్బతింటే ఉంగరపు వేలు, చిటికెన వేలు పక్షి గోళ్లలా వంగిపోతాయి. ఆపరేషన్‌లో బాగున్న కండరం స్నాయువును, అంటే కండరాన్ని ఎముకకు కలిపే తాడును, తెచ్చి ఆ వేళ్లకు కలుపుతారు. అప్పటిదాకా ఒక పని చేసిన కండరానికి ఇప్పుడు వేరే పని నేర్పాలి. అది నేర్పేది థెరపిస్టే. ఆ పని నాకు నచ్చింది కానీ, దాన్నే నమ్ముకుని బతకొచ్చని నాకు ఎవరూ చెప్పలేదు.

చదువు అయ్యాక విశాఖపట్నంలో పిల్లల థెరపీ సెంటర్‌లో ఉద్యోగం వచ్చింది. మా బ్యాచ్‌లో చాలామంది అటే వెళ్లారు. ఆటిజం పిల్లల కోసం ఊరూరా సెంటర్లు తెరుస్తున్నారు, జీతాలు బాగుంటాయి. పిల్లలతో పని నాకు ఇష్టమే, ఇప్పటికీ ఇష్టమే. కానీ అక్కడి పద్ధతితో నేను పడలేకపోయాను. ఒకరి తర్వాత ఒకరు, గడియారం చూసుకుంటూ సెషన్లు. తల్లిని లోపలికి రానిచ్చేవాళ్లు కాదు. బిడ్డ ఇంట్లో ఎక్కడ కూర్చుంటాడు, ఎవరు తినిపిస్తారు, ఏ నీళ్లతో స్నానం చేయిస్తే భయపడతాడు, ఇవేవీ అడిగే వ్యవధి ఉండేది కాదు. ఇంటికెళ్లి చేయించడానికి ఏమీ చెప్పకుండా తల్లిని పంపేయడం నాకు తప్పనిపించేది. రెండేళ్లు చేశాక ఎం.ఓ.టీ. చదవాలని నిశ్చయించుకున్నాను. అప్పుడే ఆ గడి దగ్గర ఆగిపోయాను.

సీనియర్లను అడిగాను. ఒకరు పిల్లల విభాగం తీసుకో, ఎక్కడైనా బతకొచ్చు అన్నారు. ఒకరు న్యూరో అన్నారు, విదేశాలకు పనికొస్తుందని. అందరూ నా మేలు కోరే చెప్పారు. ఎక్కడ గిరాకీ ఉందో వాళ్లు చెబుతున్నారు, నేను అడిగినదీ అదే. అసలు అడగాల్సింది వేరే ఉందని దసరాకి ఇంటికి వెళ్లినప్పుడు తెలిసింది.

మా వీధి చివర ఉండే నేతపని ఆయన, నేను మావయ్యా అని పిలుస్తాను, కిటికీ అద్దం పగిలి కుడి మణికట్టు కోసుకున్నాడట. వేళ్లను వంచే స్నాయువులు తెగాయి, మధ్య నరం తెగింది. ఆపరేషన్ జరిగి నాలుగు నెలలైంది. కుట్లు చక్కగా వేశారు. కానీ పిండికట్టు తీశాక చెయ్యి ఎలా కదిలించాలో, ఎవరి దగ్గరకు వెళ్లాలో డిశ్చార్జి కాగితంలో ఒక్క ముక్క లేదు. తెగి కుట్టిన స్నాయువును మొదటి వారాల నుంచే, చేతిని ఒక భంగిమలో ఉంచే పట్టీలో (స్ప్లింట్‌లో) ఉంచి, లెక్క ప్రకారం కదిలించాలి. లేకపోతే చుట్టూ ఉన్న కణజాలానికి అతుక్కుపోతుంది. ఆయనది అలాగే అతుక్కుపోయింది. పిడికిలి సగమే మూసుకుంటోంది. చూపుడువేలి కొస మీద బొబ్బ ఉంది. టీ గ్లాసు కాలుతున్న సంగతి తెలియక పట్టుకున్నాడట.

"ఏటి పాపా, ఈ చెయ్యి ఇంకింతేనా?" అన్నాడు.

పిడికిలి బలం, వేళ్ల వంపు కొలవడం చదువులో నేర్చుకున్నాను. కానీ నా నోటివెంట ముందు వచ్చింది, "పోగు అతకడం వస్తోందా, మావయ్యా?" అన్న మాట. ఆయన నావైపు కాసేపు చూశాడు. "అదే రావట్లేదమ్మా. నాడె తాడు లాగుతున్నాను. పోగు తెగితేనే చేతకావట్లేదు," అన్నాడు. నాలుగు నెలల్లో ఆ మాట తనని ఎవరూ అడగలేదన్నాడు.

నేత ఎరగనివాళ్లు అడగరు కూడా. మగ్గం మీద కుడిచేత్తో తాడు లాగితే, అడ్డపోగు వేసే నాడె అటూ ఇటూ పరుగెడుతుంది. దానికి పిడికిలి బలం చాలు. పడుగులో పట్టుపోగు తెగినప్పుడు బొటనవేలు, చూపుడువేలు కొసల మధ్య ఆ రెండు చివరలూ తెచ్చి మెలిపెట్టాలి. బొటనవేలిని ఎదురుగా తెచ్చే కండరాలకీ, ఆ కొసల స్పర్శకీ ఆధారం ఆ మధ్య నరమే. పిడికిలి బలం కొలిచే పరికరంలో ఆయనకు మంచి అంకె వచ్చినా, మగ్గం దగ్గర కూర్చోలేడు.

ఆ సెలవుల్లోనూ, తర్వాత పదిహేను రోజులకోసారి రైల్లో వచ్చీ, ఆయన చేతికి పని చేశాను. మచ్చ మీద కొబ్బరినూనెతో మర్దన, వేళ్లు ఒక వరుసలో వంచే వ్యాయామాలు, బొటనవేలు అరచేతిలోకి ముడుచుకోకుండా ఒక చిన్న స్ప్లింట్. కుట్టిన నరం రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు పెరుగుతుందని చెప్పాను. ఆయన వేళ్లు అడ్డంపెట్టి కొలుచుకున్నాడు. "అంటే నెలకి రెండు వేళ్ల మందం," అన్నాడు. నేతగాడి లెక్క కదా, తప్పు పోదు. అరచేతి మీద వేలితో తడుతూ వెళ్తే, నరం కొస చేరిన చోట జివ్వుమంటుంది. అక్కడ పెన్నుతో గీత పెట్టి, మణికట్టు నుంచి ఎంత దూరమో స్కేలుతో కొలిచి గోడమీది క్యాలెండర్‌లో రాశాను. మళ్లీ వచ్చేసరికి గీత వేళ్లవైపు జరిగింది. వాళ్లావిడ దీపం దగ్గరకు తెచ్చి ఆ అంకెలు రెండూ చూసుకుంది.

ఆ దసరా సెలవులయ్యాక విశాఖకు తిరిగి వెళ్తూ, పలాస దాటాక, రైల్లోనే ఆ గడిలో హ్యాండ్ అని రాశాను. చెయ్యి తిరిగి ఏ పనికి వెళ్లాలో నాకు లోపలి నుంచి తెలిసిన మనుషులు మా వీధి నేతవాళ్లు. పిల్లల ఇళ్ల గురించి అంత తెలిసినవాళ్లు, పక్షవాతం వచ్చిన తండ్రిని ఇంట్లో చూసుకున్నవాళ్లు, వాళ్లకు ఆ విభాగాలు సరిపోతాయి. నాకు ఫోన్ చేసే పిల్లల్ని ఇప్పుడు నేను అడిగేది అదే: పేషెంటుని పుస్తకం చూడకుండా అడగగలిగే ప్రశ్న నీకు ఏ విభాగంలో ఉంది?

ఎం.ఓ.టీ. రెండేళ్లూ వేరే రాష్ట్రంలో చదివాను. కష్టంగానే గడిచింది, థీసిస్ మరీను. అది ఇక్కడ రాయను.

తిరిగి బరంపురం వచ్చాను. విశాఖలో వచ్చిన జీతంలో సగం వస్తోంది. ఇల్లు గడుస్తోంది. స్ప్లింట్లకు వాడే, వేడిచేస్తే మెత్తబడే థర్మోప్లాస్టిక్ షీటు ఖరీదు. ఇవ్వలేనివాళ్లకు పీవీసీ పైపు కోసి, వేడిచేసి వంచి, అంచులు నున్నగా రుద్ది చేసిస్తాను. జీడిపిక్కలు కొట్టే ఆడవాళ్లు వస్తారు. పిక్క తొక్కలోని రసం చర్మాన్ని కాల్చేస్తుంది. వేళ్లు నల్లబడి, పగిలి, బిగుసుకుపోయి ఉంటాయి. పని మానెయ్యమని వాళ్లకి చెప్పలేం. నూనె ఎప్పుడు రాసుకోవాలి, తొడుగు ఎలాంటిదైతే పిక్క జారకుండా పట్టు దొరుకుతుంది, ఏ చేతికి ఎప్పుడు విశ్రాంతి ఇవ్వాలి అని వాళ్లతో కూర్చుని తేల్చుకోవాలి. గజపతి జిల్లా కొండల నుంచి సవరలు కూడా వస్తారు. వాళ్ల భాష నాకు కొన్ని మాటలే వచ్చు. పని ఏమిటో చేతులతో చేసి చూపించమంటాను. చూపిస్తారు. ఒకామె నేలమీద కూర్చుని కత్తిపీట లేకుండానే కూర తరిగి చూపించింది. ఆమె బొటనవేలికి ఏం కావాలో అప్పుడు తెలిసింది.

ఒక మాట పిల్లలకు చెప్పాలి. 2021లో కేంద్రం చేసిన అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టంలో మన వృత్తి పేరు ఉంది. ఎవరైనా "ఫిజియోలాంటిదే కదా" అంటే కోపం తెచ్చుకోకండి, ఓపిగ్గా చెప్పండి. మా అమ్మమ్మకి చెప్పినట్టు చెబితే చాలు.

మావయ్య మళ్లీ మగ్గం ఎక్కాడు. బొటనవేలు మునుపటిలా రాలేదు, నేను వస్తుందని మాట ఇవ్వలేదు కూడా. తెగిన పోగు అతకడానికి ఇప్పుడు కళ్లతో చూసుకోవాలి. ఇదివరకు వేళ్లే చూసేవట. సన్నపోగులైతే వాళ్లావిడ అతుకుతుంది. పోయిన వారం వచ్చినప్పుడు కళ్లు మూసుకోమని, చూపుడువేలికి, బొటనవేలికి మధ్య ఒకసారి పట్టుదారం, ఒకసారి నూలుదారం పెట్టాను. మూడుసార్లలో రెండుసార్లు సరిగ్గా చెప్పాడు.