ఎర్రనీళ్ల రోజుల్లో పటిక లెక్క

ప్రకాశం బ్యారేజీ గేట్లు ఎత్తారంటే బెజవాడ జనం వరద చూడ్డానికి కట్ట మీదికి పోతారు. ఊరికి తాగునీళ్లు శుద్ధి చేసే హెడ్ వాటర్ వర్క్స్‌లో పనిచేసేవాళ్లకు ఆ రోజు ల్యాబులోనే తెల్లారుతుంది. గుంటూరు వైపు తక్కెళ్లపాడు ప్లాంటులోనూ అంతే, అక్కడికొచ్చేవీ కృష్ణ నీళ్లేగా.

మే నెలలో సరిపోయిన పటిక వరద బురదతో వచ్చే ఎర్రనీళ్లకు చాలదు. ఎంత కావాలో జార్ టెస్టులో తేలుతుంది. ఆరు బీకర్లలో లీటరు చొప్పున నది నీళ్లు పోసి, 10 మిల్లీగ్రాముల నుంచి 60 దాకా పటిక ద్రావణం కలుపుతారు. నిమిషానికి 100 చుట్ల వేగంతో ఒక నిమిషం, ఆపైన 15–20 నిమిషాలు నిమిషానికి 30–40 చుట్లతో నిదానంగా తిప్పి, అరగంట కదపకుండా వదిలేస్తారు. తక్కువ పటికతో బాగా తేరుకున్న బీకరే ఆ పూటకు డోసు. లీటరుకు 30 మిల్లీగ్రాములు తేలితే పది లక్షల లీటర్లకు 30 కిలోలు. వరదలో ఈ పరీక్ష రోజుకొకసారి చేస్తే కుదరదు, బురద గంటల్లో మారిపోతుంది.

పటిక తగ్గితే ఫ్లాక్, అంటే బురద రేణువులు అంటుకుని ఏర్పడే దూదిపింజల్లాంటి ఉండలు, కట్టదు. పెరిగితే నీటిలోని క్షారతను తినేసి పీహెచ్ పడిపోతుంది, సున్నం కలపాల్సొస్తుంది. డోసు సరిగ్గా ఉన్నా ఫ్లాక్ కట్టేచోట తెడ్లు జోరుగా తిరిగితే కట్టిన ఫ్లాక్ చితికిపోతుంది. తర్వాత దాన్ని ఏ ట్యాంకూ అడుక్కి దించలేదు. ఆ బురదంతా ఫిల్టరు ఇసుక మీద పడి, రోజుకోసారి చేసే బ్యాక్‌వాష్ (నీళ్లు కింది నుంచి పైకి ఎదురు పంపి ఇసుక కడగడం) మూడుసార్లు చేయాల్సొస్తుంది. అప్పుడు ఇసుకలోకి గాలి సరిగ్గా కొట్టకుండా కడిగితే ఇసుకలో మట్టి ఉండలు కడతాయి.

క్లోరిన్ పెంచితే సరిపోదా అంటారు. పోదు. బురద రేణువుల చాటున క్రిములు దాక్కుంటాయి, బురదే క్లోరిన్‌ను మింగేస్తుంది. తేటనీళ్లలో కలిపి కనీసం అరగంట ఆగాలి. చివరి వీధి కుళాయిలో కూడా లీటరుకు 0.2 మిల్లీగ్రాములు మిగలాలి. వాసనొస్తోందని విసుక్కుంటాం గానీ, నిజానికి అడగాల్సింది అసలు రానప్పుడు.

పూటకోసారి వదిలే లైన్లలో ఒత్తిడి పోగానే పగుళ్లలోంచి మురుగు కాలవ నీళ్లు లోపలికి వస్తాయి. కుళాయికి నేరుగా మోటారు బిగిస్తే అది వాటిని ఇంకా లాగుతుంది. అందుకే మొదట వచ్చే నీళ్లు సంపులోకి పట్టకండి.

వరద నీళ్లు సంపులోకే దిగితే తోడి, కడిగి, నింపి, వెయ్యి లీటర్లకు 2.5 గ్రాముల తాజా బ్లీచింగ్ పౌడరు వేయాలి. ముందు బకెట్లో కలిపి, సున్నం అడుక్కి దిగాక పైతేట మాత్రమే పోయండి. గంట ఆగి వాడుకోవచ్చు. మూత తీసి మూలన పడేసిన పాత పౌడరుకైతే ఈ లెక్క పనిచేయదు, అందులో క్లోరిన్ ఎప్పుడో గాల్లో కలిసిపోయి ఉంటుంది.